వర్క్‌స్టేషన్లు, స్థాయి బృందాలు: రెండూ కలిపి నడపడంలో ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

పలకబలపం (ప్రశ్న)

నమస్కారం. నేను రెండవ తరగతిలో 36 మంది పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పుతున్నాను. రోజుకు 90 నిమిషాలు ఇందుకే కేటాయించుకునే వెసులుబాటు ఉంది కాబట్టి సమయం చాలడం లేదని ఫిర్యాదు చేయలేను. ఇబ్బందంతా ఆ సమయాన్ని పంచుకోవడంలోనే వస్తోంది.

ఈ ఏడాది మొదట్లో గదిలో ఆరు వర్క్‌స్టేషన్లు ఏర్పాటు చేశాను: పుస్తకాల మూల, కథలు వినే మూల, అక్షరాల బిళ్ళలతో పదాలు కూర్చే బల్ల, రాత బల్ల, జంటగా చదువుకునే చాప, ఆరవది నేను కూర్చునే బల్ల. పిల్లలను చదివే స్థాయిని బట్టి ఆరుగురు చొప్పున ఆరు బృందాలు చేసి, ఒక్కొక్క చోట 15 నిమిషాలు ఉండేలా తిప్పుతున్నాను. లెక్క ప్రకారం 90 నిమిషాలలో ప్రతి బృందమూ అన్ని మూలలకూ వెళ్ళి రావాలి, నా బల్ల దగ్గరకూ రావాలి. కాగితం మీద గీసుకున్నప్పుడు ఇది ఎంతో ముచ్చటగా కనిపించింది.

తీరా గదిలో నాలుగవ బృందం నా దగ్గరకు వచ్చేసరికి గంట మోగుతోంది. నేను ఒక బృందంతో చదివిస్తుండగా మిగతా పిల్లలు వరుసగా వచ్చి, "టీచర్, నాది అయిపోయింది", "టీచర్, వీడు నాకు బిళ్ళలు ఇవ్వడం లేదు", "టీచర్, పెన్సిల్ విరిగింది" అంటూ నిలబడతారు. ఒక రోజు ఊరికే లెక్కపెట్టుకుంటే 15 నిమిషాలలో 11 సార్లు నా పాఠం ఆగింది. పదాల బల్ల దగ్గరి పిల్లలు బిళ్ళలను గోపురంలా పేర్చే ఆటలో పడ్డారు. చూడముచ్చటగానే ఉంది కానీ, అందులో చదువు లేదు.

ఇంతకంటే నన్ను ఎక్కువగా బాధిస్తున్నది మరొకటి ఉంది. బృందాలకు రంగుల పేర్లు పెట్టాను, ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో పైకి తెలియకూడదని. రెండు వారాలు కూడా గడవకముందే ఒక పాప, "మాది చదవడం రాని రంగు కదా టీచర్" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో బాధ కూడా లేదు, వాన పడుతోందని చెప్పినంత మామూలుగా చెప్పింది. అప్పటి నుంచి స్థాయి బృందాలు అసలు చేయాలా అన్న సందేహం మొదలైంది.

స్థాయిని నిర్ణయించే పద్ధతి మీద కూడా నాకు పూర్తి నమ్మకం లేదు. పాఠ్యపుస్తకంలోని ఒక పేజీ చదివించి, తడబాటును బట్టి అంచనా వేశానంతే. ఇంగ్లిష్ పుస్తకాలకు ఉన్నట్టు స్థాయిల అక్షరాలు వేసిన తెలుగు కథల పుస్తకాలు నా దగ్గర లేవు. ఆరు స్టేషన్లకు ప్రతి వారం కొత్త సామగ్రి తయారుచేయడానికి నా సాయంత్రాలన్నీ పోతున్నాయి. ఈ పద్ధతిని కొన్నేళ్ళుగా నడుపుతున్నవారు, ముఖ్యంగా మధ్యలో విసిగిపోయి మళ్ళీ మొదలుపెట్టినవారు ఉంటే, ఎక్కడ సరిదిద్దుకోవాలో చెప్పగలరా?

నల్లబల్ల

మేడమ్ గారూ, విసిగిపోయి మళ్ళీ మొదలుపెట్టినవారిలో నేనూ ఒకణ్ణి కాబట్టి రాస్తున్నాను. స్థాయిల సంగతి నాకంటే బాగా తెలిసినవారు చెబుతారు, నేను గది నడిపే విషయానికే పరిమితమవుతాను.

ముందు మీ లెక్కలోనే ఒక చిక్కు ఉంది. ఆరు విడతలు, ఒక్కొక్కటి 15 నిమిషాలు అంటే మొత్తం 90 నిమిషాలూ అయిపోయాయి. ఒక చోటు నుంచి మరొక చోటుకు మారడానికి మీరు ఒక్క నిమిషం కూడా ఉంచలేదు. 36 మంది పిల్లలు వస్తువులు సర్ది, లేచి, నడిచి, మళ్ళీ కూర్చుని పనిలో పడడానికి ఎంత అలవాటైన తరగతిలోనైనా మూడు నిమిషాలు పడుతుంది. అలా అయిదుసార్లు మారితే 15 నిమిషాలు, అంటే ఒక బృందానికి చెందాల్సిన పాఠం మొత్తం, నడకకే పోయింది. నాలుగవ బృందం దగ్గర గంట మోగడంలో మీ తప్పూ లేదు, పిల్లల తప్పూ లేదు.

ప్రతి బృందమూ ప్రతి రోజూ అన్ని చోట్లకూ వెళ్ళాలన్న పట్టుదలను వదిలేయండి. నేను ఇప్పుడు రోజుకు రెండు విడతలే నడుపుతున్నాను. మొదటి 25 నిమిషాలు తరగతి మొత్తానికి కలిపి పాఠం, తర్వాత 20 నిమిషాల విడత, సర్దుకోవడానికి 5, మళ్ళీ 20 నిమిషాల విడత, సర్దుకోవడానికి 5, చివరి 15 నిమిషాలు ఆ రోజు ఎవరు ఏం చదివారో, ఏం రాశారో అందరూ వినడం. ఇది సరిగ్గా 90 నిమిషాలు. రోజుకు రెండు విడతలు కాబట్టి అయిదు రోజులలో నా బల్ల దగ్గర పది పాఠాలకు చోటు ఉంటుంది. ఆ పదింటిని బృందాలకు సమానంగా పంచను. అందరికంటే వెనుకబడిన బృందానికి నాలుగు, తర్వాతి రెండు బృందాలకు రెండేసి, ధారాళంగా చదివే రెండు బృందాలకు ఒక్కొక్కటి. సమానంగా పంచడమే న్యాయమని నేనూ చాలాకాలం అనుకున్నాను. కానీ బాగా చదివే పిల్లవాడు నేను లేకపోయినా పుస్తకాల మూలలో ముందుకు పోతాడు, చదవలేనివాడు నేను పక్కన లేకపోతే పేజీలు తిప్పుతూ కూర్చుంటాడు.

రెండవ మార్పు ఇంకా ముఖ్యమైనది. స్టేషన్ల బృందాలనూ, స్థాయి బృందాలనూ వేరు చేయండి. మీరు రెండింటినీ ఒకటే చేయడం వల్ల "చదవడం రాని రంగు" పిల్లలు రోజంతా ఒకరితో ఒకరే తిరుగుతున్నారు. పదాల బల్ల దగ్గర ఆరుగురిలో ఒక్కరికి కూడా పదం కూర్చడం రాకపోతే వారు గోపురం కట్టక మరేం చేస్తారు? నా తరగతిలో స్టేషన్లకు పిల్లలు జంటలుగా వెళతారు. ఆ జంటలో ఒకరు కాస్త ముందున్నవారు, ఒకరు కాస్త వెనుకబడినవారు. మరీ ఎక్కువ తేడా ఉంటే మాత్రం ముందున్నవాడే పనంతా చేసేస్తాడు, అది గమనించుకోవాలి. విడత మొదలైన తర్వాత నా బల్ల దగ్గరకు కావలసిన ఆరేడుగురిని పేర్లు పెట్టి పిలుస్తాను. జోడీ లేచి వచ్చేసిన పిల్లవాడు పక్క జంటతో కలిసి ముగ్గురుగా కూర్చుంటాడు. గదిలో బృందమంటూ కంటికి కనిపించేది ఉండదు, పిలిస్తే వచ్చేవారే ఉంటారు.

ఇక "టీచర్, అయిపోయింది" అన్న మాట. అది పిల్లల అల్లరి కాదండీ, మనం ఇచ్చిన పని అయిపోయే రకం పని కావడం. ఒక కాగితం ఇచ్చి ఖాళీలు పూరించమంటే కొందరికి నాలుగు నిమిషాలలో అయిపోతుంది. అయిపోని పనులు ఇవ్వాలి. ఒక చిన్న కథను జోడీకి మూడుసార్లు చదివి వినిపించడం, బిళ్ళలతో కూర్చిన ప్రతి పదంతో ఒక వాక్యం చెప్పి అందులో నచ్చినది రాసుకోవడం, విన్న కథను బొమ్మలు వరుసగా పెట్టి తిరిగి చెప్పడం, ఇవన్నీ అలాంటివి. సమయం మిగిలితే మళ్ళీ మొదటి నుంచి చేయవచ్చు, చేసినకొద్దీ లాభమే. ఒకే భాగాన్ని పదే పదే చదవడం వల్ల చదివే ధార పెరుగుతుందని శామ్యూల్స్ అనే పఠన పరిశోధకుడు 1979లోనే వివరించారు. కాబట్టి కొత్త సామగ్రి లేదని మీరు అపరాధభావం పెట్టుకోనక్కరలేదు. స్టేషన్ అదే ఉంటుంది, అందులోని పదాలో కథో మాత్రం రెండు వారాలకు ఒకసారి మారితే చాలు. పని చేసే తీరు మారనందువల్ల మళ్ళీ వివరించాల్సిన అవసరం కూడా ఉండదు.

పెన్సిల్ విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ మీ 11 అంతరాయాలలో సగం అలాంటివే అయి ఉంటాయి. ప్రతి స్టేషన్‌లో ఒక డబ్బాలో చెక్కిన పెన్సిళ్ళు నాలుగు ఎక్కువగా ఉంచండి. విరిగినది పక్క డబ్బాలో వేసి కొత్తది తీసుకోవాలి, ఎవరినీ అడగనక్కరలేదు. నా బల్ల మీద ఒక ఎర్ర అట్టముక్క నిలబెడతాను. అది నిలబడి ఉన్నంతసేపు ముందు జోడీని, తర్వాత పక్క జంటను అడగాలి తప్ప నా దగ్గరకు రాకూడదు. దెబ్బ తగిలినా, ఒంట్లో బాగోలేకపోయినా మాత్రం ఎప్పుడైనా రావచ్చు. మొదటి వారంలో ఎర్ర అట్ట ఉండగా వచ్చిన పిల్లవాడికి మీరు ఒక్కసారి జవాబు చెప్పినా ఆ అట్టకు విలువ పోతుంది. నేను చెప్పాను, అందుకే నాకు తెలుసు.

చివరగా, ఆరు స్టేషన్లూ ఒకేసారి తెరిచి ఉంటారు. మూసేయండి. ఒక్క జంట పఠనంతో మొదలుపెట్టి, అందరిచేతా అదే చేయిస్తూ, మొదటి నాలుగైదు రోజులు మీరు బల్ల దగ్గర కూర్చోకుండా గదంతా తిరగండి. అది కుదిరాక రెండవది, ఆ తర్వాత మూడవది. నాకు నాలుగు స్టేషన్లు నిలదొక్కుకోవడానికి ఆరు వారాలు పట్టింది. స్థాయి బృందాలతో మొదటి పాఠం ఏడవ వారంలో చెప్పాను. ఆ ఆరు వారాలలో సిలబస్ వెనుకబడుతోందని నన్ను అడిగినవారు ఉన్నారు, అది వేరే కథ.

గుణింతం

మాస్టారు చెప్పిన గది నిర్వహణకు నేను కలపాల్సింది ఏమీ లేదు. మేడమ్ గారు స్థాయి గురించి అడిగిన భాగానికి జవాబు రాస్తాను.

ఇప్పుడు అందరూ వాడుతున్న స్థాయిల లెక్కకు మూలం 1946లో అమెరికన్ విద్యావేత్త ఎమెట్ బెట్స్ ప్రతిపాదించిన విభజన: పిల్లవాడు తనంతట చదవగలిగేది, ఉపాధ్యాయుడి సాయంతో చదవగలిగేది, సాయం ఉన్నా విసుగు తెప్పించేది. తర్వాత న్యూజిలాండ్‌కు చెందిన మేరీ క్లే, పిల్లవాడు చదువుతుంటే పక్కన కూర్చుని ప్రతి పదానికీ గుర్తు పెట్టుకునే నమోదు పద్ధతిని రూపొందించారు. ఆ పద్ధతి వాడేవారు సాధారణంగా నూటికి 95 పదాలు లేదా అంతకంటే ఎక్కువ సరిగ్గా చదివితే ఆ పాఠం సులభమనీ, 90 నుంచి 94 వరకైతే నేర్పడానికి అనువైనదనీ, 90 కంటే తక్కువైతే కష్టమనీ అనుకుంటారు. తప్పు చదివి తానే సరిదిద్దుకుంటే దాన్ని తప్పుగా లెక్కించరు. ఒక మనిషి పేరును ప్రతిసారీ తప్పు చదివినా ఒక్క తప్పుగానే లెక్కిస్తారు.

ఈ నమోదు తెలుగులో కూడా పనికి వస్తుంది, నేను ప్రతి నెలా చేస్తాను. కానీ శాతం దగ్గరే ఆగిపోతే మనకు అసలు విషయం తెలియదు. ఒక ఉదాహరణ చెబుతాను. 60 పదాల కథను ఒక బాబు చదివాడు. తొమ్మిది తప్పులు వచ్చాయి, అంటే 85 శాతం, అంటే "కష్టం". ఇంతవరకే చూస్తే వాడిని కిందిస్థాయి పుస్తకానికి పంపేస్తాం. నా కాగితంలో మాత్రం, "చెట్టు కింద పిల్లి కూర్చుంది" అన్న వాక్యం దగ్గర వాడు చదివింది ఉన్నదున్నట్టు ఇలా ఉంది: "చెటు కింద పిలి కూ... కూర... కూరుచుంది". మిగతా తప్పులూ చూశాను. తొమ్మిదింటిలో ఎనిమిది ఒత్తు ఉన్న పదాలే. గుణింతాలలో ఒక్క తప్పు లేదు, దీర్ఘాలు కూడా చక్కగా పలికాడు. వీడికి కావలసింది కిందిస్థాయి పుస్తకం కాదు, రెండు వారాల పాటు ఒత్తుల మీద పాఠం. అదే 85 శాతం వచ్చిన మరో పాప ప, వ, ష అక్షరాలను ఒకదానికి ఒకటిగా చదువుతోంది, మ రాసి ఉన్నచోట య అంటోంది. ఇద్దరి అంకె ఒకటే. ఇద్దరినీ ఒకే బృందంలో కూర్చోబెడితే మన 20 నిమిషాలలో పది నిమిషాలు ఎవరో ఒకరికి వృథా అవుతాయి.

అందువల్ల నేను బృందాలను పుస్తకపు స్థాయితో కాకుండా పిల్లవాడు తట్టుకుని పడే చోటుతో చేస్తాను. పలక, వల, తబల వంటి సరళ పదాలు పది, గుణింతాలు ఉన్నవి పది, అక్క, చెట్టు వంటి ద్విత్వాలు పది, రాత్రి, పుస్తకం వంటి సంయుక్తాక్షరాలు ఉన్నవి పది, ఆఖరున ఒక చిన్న కథ, దాని మీద నాలుగు ప్రశ్నలు. ఒక్కొక్కరికి అయిదారు నిమిషాలకు మించదు. స్టేషన్లు కుదురుకునే వారాలలో రోజుకు నలుగురైదుగురి చొప్పున వినవచ్చు. పిల్లవాడు ఏ పదిలో మూడు నాలుగు తప్పులు చేయడం మొదలుపెట్టాడో అదే వాడి బృందం. దేశంలో పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలలో వాడే చదువు పరీక్ష కూడా అక్షరం, పదం, పేరా, కథ అన్న మెట్లతో దాదాపు ఇంత సులువుగానే ఉంటుంది. అయితే అది ఎంతమంది ఏ మెట్టు మీద ఉన్నారో చెప్పడానికి పెట్టినది. తరగతిలో మనకు మెట్టుతో పాటు కాలు ఎక్కడ జారిందో కూడా కావాలి.

స్థాయిలు వేసిన పుస్తకాలు లేవన్న దిగులు గురించి ఒక మాట. ఇంగ్లిష్ స్థాయిలను తెచ్చి తెలుగుకు అతికించలేం. 26 అక్షరాలు నేర్చిన పిల్లవాడికి ఇంగ్లిష్‌లో కష్టం స్పెల్లింగ్ దగ్గర మొదలవుతుంది. మనకు అక్షరాన్ని చూస్తే పలుకు తెలుస్తుంది, కానీ నేర్చుకోవాల్సిన ఆకారాలు వందల్లో ఉంటాయి. కన్నడం చదివే పిల్లల మీద సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షరాలన్నీ పట్టుబడడానికి ఇంగ్లిష్ అక్షరమాలకు పట్టే కాలం కంటే ఎక్కువ పడుతుందనీ, అది మొదటి రెండు తరగతులతో ముగిసేది కాదనీ చూపింది. తెలుగు లిపి దానికి తోబుట్టువే కదా. రెండవ తరగతిలో సంయుక్తాక్షరాల దగ్గర తడబడే పిల్లవాడు వెనుకబడినవాడు కాడు, దారిలో ఉన్నవాడు.

నిమిషానికి ఇన్ని పదాలు చదవాలన్న లెక్కను కూడా ఇంగ్లిష్ నుంచి యథాతథంగా తేకండి. మనం "చదువుకుంటున్నప్పుడు" అన్నా ఒక పదమే, "వల" అన్నా ఒక పదమే. నేను వేగం చూడాల్సి వస్తే అక్షరాలు లెక్కపెడతాను, అది కూడా అదే పిల్లవాడి గత నెల లెక్కతోనే పోలుస్తాను.

పుస్తకాల సంగతికి వస్తే, గదిలో ఉన్న కథల పుస్తకాలనే ఒకసారి తిరగేసి, ఒత్తులు దాదాపు లేనివి, ద్విత్వాలు మాత్రమే ఉన్నవి, అన్నీ ఉన్నవి అని మూడు రకాలుగా వెనుక అట్ట లోపలివైపు చిన్న చుక్కలు పెట్టుకున్నాను. పైకి కనిపించవు. ఒత్తులు లేని కథలు దొరకడం కష్టం. "అమ్మ" అన్న మాటతోనే ఒత్తు వచ్చేస్తుంది మరి. అలాంటివి నేనే ఎనిమిది వాక్యాలతో రాసి కుట్టుకుంటాను, బొమ్మలు పిల్లలు వేస్తారు.

బృందాలను ఆరు వారాలకు మించి కదపకుండా ఉంచకండి. ఒత్తుల బృందం ఒత్తులు రాగానే రద్దయిపోతుంది. ఆ పాప అన్న మాటకు నాకు తోచే జవాబు ఇదే. రంగు పేరు మార్చినా, పువ్వు పేరు పెట్టినా పిల్లలు మూడో రోజుకే కనిపెడతారు. బృందమే నిలకడగా లేకపోతే కనిపెట్టడానికి అక్కడ ఏమీ ఉండదు.

కథలపెట్టె

గుణింతం గారు రాసినదానితో చాలావరకు ఏకీభవిస్తూనే కాస్త ఎదురు చెప్పాలనిపిస్తోంది. పిల్లలను ఎప్పుడూ వారి స్థాయి పాఠమే చదివిస్తే వారు పై స్థాయి భాషను ఎప్పుడు వింటారు? తిమోతీ షనహాన్ వంటి పఠన పరిశోధకులు, పిల్లలను వారి స్థాయి పుస్తకాలకే పరిమితం చేస్తే నేర్చుకోవడం పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదని చాలాకాలంగా వాదిస్తున్నారు. వారి మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేదు. అక్షరాలే రాని పిల్లవాడి ముందు పెద్ద కథ పెట్టి ఏం చేస్తాం? కానీ మూడవ తరగతికి వచ్చాక వారి వాదనలో బలం ఉందని నా అనుభవం చెబుతోంది.

గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఒక సూత్రం చెప్పారు. చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాలను పలుకుగా మార్చగల శక్తిని, విన్న భాషను అర్థం చేసుకోగల శక్తితో గుణించగా వచ్చేది. కూడిక కాదు, గుణకారం. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. మీ తరగతిలో ఇద్దరిని వెతికి చూడండి, తప్పక దొరుకుతారు. ఒకరు పేజీ మొత్తం గడగడా చదివేసి, కథలో కుందేలు ఎందుకు పారిపోయిందని అడిగితే నీళ్ళు నములుతారు. మరొకరు నాలుగు పదాలు చదవలేరు కానీ, మీరు చదివి వినిపిస్తే కుందేలు మనసులో ఏముందో కూడా చెబుతారు. స్థాయి అన్న ఒక్క అంకె ఈ ఇద్దరినీ పట్టుకోలేదు.

కాబట్టి నా సలహా ఏమిటంటే, మాస్టారు చెప్పిన మొదటి 25 నిమిషాలలో స్థాయి మాటే ఎత్తకండి. అందరికంటే బాగా చదివే పిల్లవాడికి కూడా సొంతంగా కష్టమయ్యే కథను మీరే పైకి చదవండి, ఆగి ప్రశ్నలు వేయండి. "చదవడం రాని రంగు" పాప అక్కడ చెయ్యెత్తి, గడగడా చదివే పిల్లలకు తట్టని జవాబు చెప్పే రోజు వస్తుంది. నా తరగతిలో అలాంటి ఒక బాబు వల్లే మిగతా పిల్లలు జంట పఠనానికి అతణ్ణి కోరుకోవడం మొదలుపెట్టారు. వారు చదువుతారు, అతను ఏం జరిగిందో చెబుతాడు.

మరొక చిన్న హెచ్చరిక. చిన్న బృందంలో పిల్లవాడు పదం దగ్గర ఆగిపోతే "బొమ్మ చూసి చెప్పు" అనే అలవాటు నాకు ఉండేది. స్థాయి పుస్తకాలతో నేర్పే పద్ధతి నుంచే అది నాకు అంటుకుంది. బొమ్మలో కోతి ఉంటే పుస్తకంలో "వానరం" అని ఉన్నా పిల్లవాడు "కోతి" అనేస్తాడు, మనం సంతోషిస్తాం. వాడు చదవలేదు, ఊహించాడు. ఇప్పుడు మొదటి అక్షరం మీద వేలు పెట్టించి, అక్షరాలు కలిపి పలికించి, ఆ తర్వాతే అర్థం కుదిరిందో లేదో బొమ్మతో సరిచూసుకోమంటాను.

వినే మూల గురించి కూడా అదే మాట. వింటూ వేలితో వాక్యం వెంట వెళ్ళకపోతే అది వినడమే అవుతుంది, చదవడం కాదు. వినడం మంచిదే, కాకపోతే ఏది జరుగుతోందో మనకు తెలిసి ఉండాలి.

పలకబలపం

అందరికీ కృతజ్ఞతలు. వెంటనే జవాబు రాయకుండా, ఎనిమిది వారాలు చేసి చూసిన తర్వాత రాస్తున్నాను.

ఆరు స్టేషన్లూ మూసేసిన రోజు పిల్లలు నన్ను ఏదో శిక్ష వేసినదానిలా చూశారు. జంట పఠనం, పదాల బల్ల, రాత బల్ల నిలబడ్డాయి. వినే మూల మాత్రం నాలుగుసార్లు తెరిచి నాలుగుసార్లు మూశాను. పాత ఫోన్‌లో కథ పెడితే మధ్యలో ఎవరో ఒకరు దాన్ని నొక్కుతూనే ఉన్నారు. ప్రస్తుతానికి వదిలేశాను. ఎర్ర అట్ట పెట్టిన మూడవ రోజున నేనూ ఒక పిల్లవాడికి జవాబు చెప్పి, మాస్టారు హెచ్చరించినట్టే ఆ వారమంతా అనుభవించాను. ఇప్పుడు 20 నిమిషాలలో రెండు మూడు అంతరాయాలకు మించడం లేదు. వాటిలో ఒకటి నిజంగానే దెబ్బ తగిలిన పిల్లవాడిది.

పదేసి పదాల పరీక్ష 36 మందికీ పూర్తి చేయడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఫలితం చూసి నాకు సిగ్గేసింది. నేను అన్నిటికంటే కింది బృందంలో వేసిన ఆరుగురిలో ఇద్దరికి గుణింతాలు, ద్విత్వాలు రెండూ వచ్చు. మొదటిసారి నేను చదివించిన పేజీలో "రాష్ట్రం", "స్వాతంత్ర్యం" వంటి మాటలు నిండి ఉన్నాయి. నేను స్థాయి అనుకున్నది ఆ పేజీ కష్టం మాత్రమే. ఆ ఇద్దరిలో ఒకరు, ఆ రోజు మాట అన్న పాపే.

ఇప్పుడు ఒత్తుల బృందంలో ఏడుగురు ఉన్నారు. నాలుగు వారాల పాఠం తర్వాత ఒక వింత సమస్య వచ్చింది, దానికి మీ సలహా కావాలి. వారిలో ముగ్గురు ఒత్తు లేనిచోట కూడా ఒత్తు పెట్టి చదువుతున్నారు. "పాట" ను "పాట్ట" అంటున్నారు, "గుడి" ని "గుడ్డి" అంటున్నారు. నేను ఒత్తుల మీద మరీ ఎక్కువ ఒత్తిడి పెట్టానేమో తెలియడం లేదు.

గుణింతం

కంగారుపడకండి మేడమ్, ఒత్తు అనేది ఒకటి ఉందని వారి కంటికి తెలిసిన తర్వాతే ఈ తప్పు వస్తుంది. అంతకుముందు వారు దాన్ని చూడనే లేదు. ఒత్తు ఉన్న పదాలనే వరుసగా ఇస్తూ పోతే, అన్నింటికీ ఒత్తు పలకడమే నియమమని వారు అనుకుంటారు. నా తరగతిలోనూ సరిగ్గా అలాగే జరిగింది.

ఇకనుంచి జతలుగా ఇవ్వండి. గడి, గడ్డి. పుట, పుట్ట. వల, వల్ల. గుడి, గుడ్డి. రెండు కార్డులు పక్కపక్కన పెట్టి, మీరు ఒకటి పలకండి, వారు సరైన కార్డు తీసుకోవాలి. తర్వాత వారు పలకాలి, మీరు తీసుకోవాలి. వారు "గడి" అనబోయి "గడ్డి" అంటే మీరు ఏమీ దిద్దకుండా గడ్డి కార్డే తీసుకోండి. నవ్వి వారే మళ్ళీ పలుకుతారు. పలకలేనివాడు చప్పట్లతో పట్టుకుంటాడు: "గడి" కి రెండు చప్పట్లు, "గడ్డి" కి కూడా రెండే, కానీ వాటి మధ్య ఒక చిన్న ఆగు. ఆ ఆగుడును చేతితో చేసిన పిల్లవాడు నోటితో కూడా చేస్తాడు. వారం తర్వాత ఆ కార్డులనే జంట పఠనం చాప మీద వదిలేయండి. కొత్త స్టేషన్ అవసరం లేదు, జంటలు వాటితో తామే ఆడుకుంటాయి.

వినే మూలకు ఫోన్ బదులు ఒక పిల్లవాడినే కూర్చోబెట్టి చూడండి. ధారాళంగా చదివే బృందంలోని వారు వంతులవారీగా ముందురోజే కథ సాధన చేసి వచ్చి, మిగతా ఇద్దరికి చదివి వినిపిస్తారు. మధ్యలో నొక్కడానికి అక్కడ మీట ఉండదు.